నస్రీన్ మొహమ్మదీ రేఖాచిత్రములు: ఒక పరిశీలనము

చిత్రమనగా నేదో యొక వస్తువునకు ప్రతిరూపమని భావించుట లోకమున వాడుక. కొండయో, కోవెలయో, మానవ ముఖమో కానరానిచో చూపరి తికమకపడి చిత్రకారుని జీవితకథను వెదకును. చిత్రించినది స్త్రీ యైనచో ఈ వెదకులాట మఱింత హెచ్చు. గీతలన్నియు ఆమె కన్నీటి చారలే యని నిర్ణయించుట సులభము గదా! నస్రీన్ మొహమ్మదీ చిత్రములను గూర్చి తఱచుగా జరుగుచున్నది యిదియే. ఈమె చేతిపని నెఱుగక ఈమె దుఃఖము నెఱిగినంత మాత్రమున ఈ చిత్రములు బోధపడవు.

ఈమె 1937లో కరాచీలో జన్మించెను. పసితనముననే తల్లిని కోల్పోయెను. 1944లో కుటుంబము బొంబాయికి తరలెను. 1954 నుండి 1957 వఱకు లండనులోని సెయింట్ మార్టిన్స్ కళాశాలలోను, 1961-63 నడుమ ఫ్రెంచి ప్రభుత్వ వేతనముతో పారిసులోను చదివెను. తండ్రి వ్యాపారము బహ్రెయినులో నుండుటచే ఎడారియు నీమెకు పరిచితమే. బొంబాయిలో భూలాభాయి దేశాయి సంస్థయందు వి. ఎస్. గాయ్‌తోండే వంటి చిత్రకారుల సాహచర్యము లభించెను. 1972 మొదలు తుదివఱకు బరోడా విశ్వవిద్యాలయమున చిత్రకళ బోధించి, 1990లో మహారాష్ట్రమున అలీబాగు చెంతనున్న కిహీం గ్రామమున మరణించెను. పెద్ద పేరు తరువాతనే వచ్చినది. 2016లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియము తన నూతన శాఖ 'మెట్ బ్రూయర్'ను ఈమె చిత్రప్రదర్శనముతో ప్రారంభించెను.

తొలినాళ్ల చిత్రములలో సిరా తడికాగితముపై పరచుకొనినట్లుండును. చెట్టుకొమ్మల ఛాయలు, నీటి జాడలు లీలగా పొడకట్టును. 1970 ప్రాంతమున ఈమె పద్ధతి మాఱినది. కుంచెను విడిచి, కట్టడముల నక్షాలు గీయువారి బల్లను, బద్దను, కలమును చేపట్టెను. కాగితము, నల్లసిరా, పెన్సిలు: ఇవియే సామగ్రి. రంగులకు తావు లేదు. చూచుటకు యంత్రము గీచినట్లే తోచును గాని, దగ్గఱగా పరికించినచో సంగతి వేఱు. ఒక గీత బలముగా, దాని ప్రక్కది సన్నముగా నుండును. నడిమి యెడము ఒకచోట బిగిసి వేఱొకచోట సడలును. సిరాగీత కాగితముపై స్థిరముగా నిలువగా, బూడిదవన్నె పెన్సిలుగీత దాని వెనుకకు జాఱినట్లుండును. ఈ రెంటి కలయికచేతనే చదునైన కాగితమునకు లోతు కలుగుచున్నది. వెలుగునీడలు దిద్దకయే లోతు సాధించుట సామాన్యమైన నేర్పు కాదు.

షోలాపురమున తరతరములుగా మగ్గమును నమ్ముకొని బ్రతికిన తెలుగు కుటుంబములవారికి ఈ చిత్రములు క్రొత్తగా తోచకపోవచ్చును. పేక పడని పడుగును వారు దినదినము చూచినవారు. బారుగా సాచిన పోగులలో ఒక్కటి వదులైనను వారి కన్ను పసిగట్టును. ఈ గీతలను చూచుటకు కావలసినది అట్టి కన్నే. ఈమె మగ్గముపై దారములను ఛాయాచిత్రములుగా తీసియున్నది. సముద్రపుటొడ్డును, ఫతేపూర్ సిక్రీ రాతికట్టడములను సయితము తీసినది. బ్రతికియుండగా ఆ ఛాయాచిత్రములను ప్రదర్శింపలేదు.

కొందఱికి ముగ్గు స్ఫురింపవచ్చును. ఆ పోలిక కొంతవఱకే చెల్లును. మెలికల ముగ్గులో గీత చుక్కలను చుట్టి బయలుదేఱిన చోటికే వచ్చి చేరును. ఈమె గీత కాగితమున నడచి యెచ్చటనో ఆగిపోవును, మరల రాదు. అమెరికాలో చిత్రించిన యాగ్నెస్ మార్టిన్ (1912-2004)తో పోల్చుటయు పరిపాటి. మార్టిన్ ఆఱడుగుల చదరపు గుడ్డలపై గళ్లను సమముగా పఱచి కంటికి విశ్రాంతి నిచ్చును. నస్రీన్ చిన్న కాగితముపై కంటిని నిలువనీయదు. అయితే గళ్ల చిత్రములన్నియు నొకే స్థాయివి కావు. కొన్నింట అభ్యాసమే మిగిలి చూపు అలసిపోవును. ఈ మాట చెప్పుటకు విమర్శకులు సంకోచింపనక్కఱలేదు.

చివరి యేండ్లలో నరములకు సంబంధించిన వ్యాధి యీమె అవయవముల పట్టును క్రమముగా హరించినది. వణకు చేతికి ఆసరాగా పరికరములను ఆశ్రయించెననుట పొసగదు. వ్యాధి ముదురుటకు ఎంతో పూర్వమే బద్దయు కలమును ఈమె కోరి యెన్నుకొనినవి. పైగా ఈ చిత్రములలో అధికభాగమునకు పేరును లేదు, తేదీయు లేదు. వానిని వ్యాధిక్రమమున పేర్చి కథ చెప్పువారు చిత్రములను గాక తాము ముందే వినిన కథనే చదువుచున్నారు.

1980 తరువాతి చిత్రములందు గళ్లు విడిపోయినవి. ఏటవాలు గీతలు కొన్ని, ఒకటి రెండు వంపులు మాత్రమే కాగితముపై తేలుచుండును, మిగిలినదెల్ల తెలుపే. అందు ఒక్క గీత తొలగించినను తూకము చెడును, ఒకటి చేర్చినను చెడును. ఈమె కృషిలో శ్రేష్ఠమైన భాగ మిదియే.