పొరల మధ్య పల్లాడియం

నల్లరేగడి తొలకరికి ఉబ్బుతుంది, వేసవికి కాలు దిగబడేంత బీటలు వారుతుంది. అందులోని మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం చేసే పని అది. పూతరేకులా పొర మీద పొర. పొరలకు రుణావేశం, వాటి మధ్య సోడియం, కాల్షియం లాంటి ధన అయాన్లు నీళ్లతో పాటు ఇరుక్కుని ఉంటాయి. వాటిని తప్పించి ఆ చోట మరో లోహాన్ని కూర్చోబెట్టవచ్చు.

రైతుకు అది నేల గుణం. హైదరాబాద్ తార్నాకలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లో రసాయన శాస్త్రవేత్తలు బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం తదితరులకు మాత్రం అది ఉత్ప్రేరకాన్ని నిలిపే చోటు.

మందుల తయారీలో పెద్ద చిక్కు, రెండు కర్బన పరమాణువులను కోరిన చోట కలపడం. పల్లాడియం ఆ పని చేసిపెడుతుంది. ఈ విద్యకే 2010లో హెక్, నెగిషి, సుజుకిలకు నోబెల్ దక్కింది. కాకపోతే పల్లాడియం ఖరీదైన లోహం. ద్రావణంలో కరిగిపోతే తిరిగి రాబట్టడం కష్టం, మందులో దాని జాడ పరిమితి దాటి మిగలకూడదు. పైగా అయోడిన్, బ్రోమిన్ ఉన్న పదార్థాలు తేలిగ్గా లొంగుతాయి గానీ, చవగ్గా దొరికే క్లోరిన్ పదార్థాలు మొండికేస్తాయి. వాటిలో కర్బనం, క్లోరిన్‌ల బంధం గట్టిది.

ఈ చిక్కుకు చౌదరి బృందం రేగడిమట్టిని కాక, దానికి తలకిందులైన పొరల పదార్థాన్ని ఎంచుకుంది: మెగ్నీషియం, అల్యూమినియంల లేయర్డ్ డబుల్ హైడ్రాక్సైడ్. ఇందులో పొరలది ధనావేశం, మధ్యనున్నవి రుణ అయాన్లు. అక్కడి క్లోరైడును తప్పించి పల్లాడియం లవణాన్ని చేర్చి, హైడ్రజీన్‌తో క్షయకరణం చేస్తే నానో పల్లాడియం రేణువులు మిగులుతాయి. ఆధారంగా నిలిచిన ఈ హైడ్రాక్సైడ్‌కు ఉన్న క్షారగుణం పల్లాడియానికి ఎలక్ట్రాన్ల బలం ఇస్తుంది. దాంతో మొండి క్లోరిన్ బంధమూ తెగుతుంది. మామూలుగా తోడు కావలసిన ఫాస్ఫీన్ల అవసరమూ తప్పుతుంది. 2002లో అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్‌లో వచ్చిన పరిశోధన ఇది.

అంతకు ముందు ఏడాదే ఇదే బృందం ఆస్మియంను కట్టేసింది. ఆస్మియం టెట్రాక్సైడ్ ఇట్టే ఆవిరవుతుంది, కళ్లకు ప్రమాదం, ధరా ఎక్కువే. అయినా ఒక అణువుకుండే రెండు ప్రతిబింబ రూపాల్లో కోరిన ఒక్కదాన్నే ఎక్కువగా తయారుచేసే డైహైడ్రాక్సిలేషన్‌కు అది కావాలి. 2001లో షార్ప్‌లెస్‌కు నోబెల్ తెచ్చిన ఆక్సీకరణ చర్యల్లో ఇదీ ఒకటి. ఆస్మేట్ అయాన్‌ను పొరల మధ్య పట్టి ఉంచితే, చర్య ముగిశాక వడకట్టి మళ్లీ వాడుకోవచ్చని ఆ ప్రయోగాలు చూపాయి.

వడకట్టడమే ఈ పద్ధతికి ప్రాణం. దానికి కావలసిన గరాటు, వడపోత కాగితం ఏ ల్యాబులోనైనా ఉండే సరంజామాయే. కరిగే ఉత్ప్రేరకమైతే మిశ్రమం నుంచి వేరుచేయడానికే బోలెడు ద్రావణి ఖర్చవుతుంది. ఇక్కడ పొడి కాగితం మీద ఆగుతుంది, సరుకు కిందికి దిగుతుంది.

లక్ష్మీకాంతం 2013లో ఐఐసీటీ డైరెక్టరయ్యారు. ఆ తర్వాత ముంబైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలో ఆచార్యులుగా చేరారు. పద్ధతి మాత్రం అదే: కాగితం మీద ఆగిన పొడిని కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఫ్లాస్కులో వేస్తారు.