చిక్కదనం తెలిసిన చేతులు

యాసంగి కోతలప్పుడు లింగంపేట, ఎల్లారెడ్డి పొలాల్లో హార్వెస్టర్లకు తీరిక ఉండదు. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ మంటలో గట్టు మీద కూర్చుని, డిప్‌స్టిక్ నూనెను రెండు వేళ్ల మధ్య రాసి చూసే మెకానిక్ నాకు ఏ ఇంజనీరుకూ తీసిపోడు. ప్రయోగశాల కొలత కాదు గానీ, నూనెలో డీజిల్ కలిసి పలచబడిందా, ఇసుక చేరిందా అన్నది ఆ వేళ్లకు తెలుస్తుంది.

వేడికి నూనె పలచబడుతుంది. 15డబ్ల్యూ-40 రకం 40 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరేసరికి దాని చిక్కదనంలో సుమారు ఏడో వంతే మిగులుతుంది. డబ్బా మీది 15డబ్ల్యూ చలిలో పారే తీరుకు గుర్తు, 40 ఇంజను వేడిలో నిలిచే చిక్కదనానికి.

ఒత్తిడి కథ ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఒత్తిడికి నలిగేకొద్దీ చిక్కటి ద్రవం ఇంకా చిక్కబడుతుందని 1893లో శాస్త్రవేత్త కార్ల్ బారస్ లెక్కగట్టాడు; నూనెదీ అదే తీరు. గేరు పళ్లు ఒరుసుకునే చోట వాతావరణ పీడనానికి దాదాపు పదివేల రెట్లు ఒత్తిడి పడుతుంది. అక్కడ నూనె పొర క్షణంపాటు దాదాపు గట్టిపడి, ఇనుమును ఇనుము తాకనివ్వదు. నీళ్లకు ఈ గుణం చాలా తక్కువ. బండి ఇరుసుకు ఆముదం, కాల్చిన గడ్డి మసి కలిపి కందెన పెట్టిన తాతలు సూత్రం చదవలేదు, పని మాత్రం ఎరుగుదురు.

చిక్కనిదైతే మేలని ఏదో ఒకటి పోయించకండి. ట్రాక్టరు పుస్తకంలో రాసిన గ్రేడే అడగండి, మెకానిక్ కూలి దగ్గర బేరమాడకండి.