పదమూడు ముక్కల పడుగు పేక

పదమూడును మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. రమ్మీ పనితనమంతా ఆ మిగిలిన ముక్కలోనే ఉంది. పన్నెండే పంచితే మూడేసి చొప్పున నాలుగు జట్లు కట్టుకుని లేచిపోవచ్చు. పదమూడోది ఉండబట్టి ఏదో ఒక జట్టు పెరగక తప్పదు. దానికోసం కుదిరిందనుకున్న చేతిని మళ్లీ విప్పాల్సి వస్తుంది.

జగిత్యాల జిల్లా బుగ్గారంలో నాకు ఈ ఆట నేర్పింది వరుసకు మామ. మస్కట్‌లో పనిచేసి వచ్చినాయన. మా దిక్కు పేకముక్కల్ని పత్తాలంటారు. తొలిరోజు ఆట లేదు. చాప మీద ఒక కట్ట విప్పి, యాభై రెండు ముక్కలనూ నాలుగు నిలువు వరుసలుగా పేర్చాడు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. నిలువున చూస్తే ఒకే జాతి ఆసు నుంచి రాజు దాకా దిగుతుంది. అడ్డంగా చూస్తే ఒకే అంకె నాలుగు జాతుల్లో కనిపిస్తుంది. నిలువు ముక్కలు వరుసగా మూడు కలిస్తే సీక్వెన్సు, అడ్డం ముక్కలు మూడు కలిస్తే సెట్టు.

సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేయడం చూసినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది. నిలువు పోగు పడుగు, అడ్డం పోగు పేక. ముక్కలాటకు తెలుగులో పేక అనే మాటే ఉండడం నాకెంతో ఇష్టమైన సంగతి. నియమం కూడా మగ్గానిదే. ఎన్ని సెట్లున్నా కనీసం రెండు సీక్వెన్సులు కావాలి, అందులో ఒకటి జోకరు తగలనిది కావాలి. దాన్నే లైఫ్ అంటాం. పడుగు లేనిదే పేక ఆడదు. లైఫ్ పడకముందే ఎదుటివాడు షో చేస్తే చేతిలోని ముక్కలన్నీ కౌంటే, ఎనభై దాకా. “జోకరున్నదని మురువకు కోడలా, ముందుగాల లైఫు చూస్కో” అనేవాడు మామ.

నన్ను కట్టిపడేసింది ఆ తర్వాత నేర్పిన అమరిక. రెండు కట్టలు కలుపుతాం కాబట్టి ప్రతి ముక్కా రెండుంటుంది. ఇస్పేటు ఆరు, ఎనిమిది పట్టుకుని ఏడు కోసం చూస్తే జోకరు కాక పనికొచ్చేవి రెండే ముక్కలు. ఏడు, ఎనిమిది పట్టుకుంటే ఆరైనా తొమ్మిదైనా చాలు, నాలుగు ముక్కలు. వాటి పక్కన ఆఠీను ఎనిమిది చేర్చి చూడండి. డైమను, కళావరు ఎనిమిదులు కూడా పనికొస్తాయి. మూడు ముక్కలు ఎనిమిది ముక్కలకు తలుపు తెరిచి కూర్చుంటాయి. మంచి వడ్రంగి తలుపు చట్రం మూలను బిగించినట్టు ఆ ఒక్క ఎనిమిది అటు పడుగునూ ఇటు పేకనూ పట్టి ఉంచుతుంది. అందుకే నడిమి ముక్కల్ని త్వరగా వదలొద్దంటారు. అయిదు మూడు రకాల మూడు ముక్కల వరుసల్లో ఇముడుతుంది, ఆసు రెండింట్లోనే.

అయినా, చెయ్యి తిరిగినవాడు తీసే ముక్కలో కాదు, పారేసే ముక్కలో తెలుస్తాడు. మామకు ఇస్పేటు ఎనిమిది కావాల్సి ఉంటే ఆఠీను ఎనిమిదిని అతి మామూలుగా కింద పెట్టేవాడు. ఎనిమిదులు ఈయనకు అక్కర్లేవు కాబోలని నేను నా ఇస్పేటు ఎనిమిదిని వదిలేసేదాన్ని. గాలానికి ఎర వేసే ఆ తీరులో తొందర ఉండేది కాదు. పది ఆటల కిందటి ఎత్తు గుర్తుండకపోయినా ఈ ఆటలో పడ్డ ప్రతి ముక్కా ఆయనకు యాదికుండేది.

ఈ పనితనాన్ని సుప్రీంకోర్టే గుర్తించింది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు 1963లో దాడి చేశారు. హైదరాబాద్ జూద చట్టం కింద పెట్టిన ఆ కేసు ఢిల్లీ దాకా వెళ్లింది. ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. మూడు ముక్కలాట కేవలం అదృష్టమని కూడా తేల్చారు. పందేల మీద క్లబ్బు లాభం తీస్తే సంగతి వేరని అదే తీర్పు హెచ్చరించింది.

2017లో తెలంగాణ చట్టం మార్చి ఆన్‌లైన్ రమ్మీ పందేలను ఆపింది. 2025లో కేంద్రం డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అది సరైన పనే. ముక్క తీసి ఒక్క క్షణం ఆగిన ఎదుటి మనిషి వేళ్లు ఫోనులో కనిపించవు. ఈ ఆటలో సగం చదువు ఆ వేళ్లలోనే ఉంది.

మా అరుగు మీద లెక్కకు చింతగింజలే పెట్టేవాళ్లం. మీ ఇంట్లో పిల్లలకు నేర్పాలనుకుంటే రెండు కట్టలు, గుప్పెడు చింతగింజలు తీసుకోండి. మొదటి పది ఆటలు ముక్కలన్నీ తెరిచి ఆడండి.