పదములలో దాఁగిన పేళ్లు

“కుంకుమలో నెవరున్నారు?” అని మా పాఠశాలలో విరామసమయమున నొక బాలుఁడు తోడివారిని బ్రశ్నించెను. వారు దినదినము వాడెడు మాటలలో మనుష్యుల పేళ్లు దాఁచి యడుగుకొను నాట యది. ఎవ్వరికిని దోఁపలేదు. “ఉమ” యని యా బాలుఁడే విప్పెను. తక్కినవారు కాదని కలహించి నాయొద్దకు వచ్చిరి. నేను నల్లబల్లమీఁదఁ గుం, కు, మ యని మూఁడక్షరములను విడివిడిగా వ్రాసి, “ఇందులో ఉకార మెక్కడ నున్నది?” అని యడిగితిని. “వినపడుతోంది కదండీ, పంతులుగారూ” అని వాఁడనెను. చూడఁబడుట లేదు గావునఁ దప్పని తీర్పు చెప్పి పంపివేసితిని. ఆ తీర్పు తప్పని నాకుఁ దెలియుటకుఁ బదిదినములు పట్టెను. ముప్పదియేండ్లు శబ్దశాస్త్రముఁ జదివినవాఁడు లిపినిఁ జూచి శబ్దమును మఱచుట సిగ్గుచేటు. ఆ పదిదినముల విమర్శయే యీ వ్యాసము.

ఇట్టి క్రీడలయెడఁ బండితులకుఁ జిన్నచూపు మొదటినుండియుఁ గలదు. భామహుఁడు రామశర్ముని యచ్యుతోత్తరమును బేర్కొని, ప్రహేళికవంటి కావ్యము శాస్త్రమువలె వ్యాఖ్యానము నపేక్షించినచో నది సుధీజనుల కుత్సవమే కాని మందమతులకు మరణమని పరిహసించెను. దండి యంత కఠినుఁడు గాఁడు. కావ్యాదర్శ తృతీయపరిచ్ఛేదమునఁ బదునాఱు ప్రహేళికలను లక్షణించి, క్రీడాగోష్ఠులయందును, జనులు క్రిక్కిఱిసిన చోట రహస్యము పలుకుటయందును, బరులను భ్రమపెట్టుటయందును వీనికిఁ బ్రయోజనము గలదనెను. ఆ పదునాఱింటిలో మొదటిదగు సమాగత, పదములు సంధిచేఁ గలిసిపోవుటవలన నర్థము మఱుఁగుపడునది. మన బాలుర యాటకుఁ జుట్టఱికము చెప్పవలసినచో దీనితోనే చెప్పవలయును. పేరు దాఁగుటకుఁ గారణ మిచ్చటను గలియికయే.

వైయాకరణుని కీ యాటలో నొక ప్రత్యేకాభిరుచి గలదు. అర్థముగల రూపము లభించుచుండఁగా నర్థములేని రూపమును గ్రహింపరాదని మనకొక పరిభాష యున్నది. వేదమునందలి శే యను నాదేశమునకుఁ జెప్పిన ప్రగృహ్యసంజ్ఞ కాశే, కుశే యను సప్తమ్యంతములలోని శేకారమునకు రాకుండుట కీ న్యాయమే రక్షకము. కూప, సూప, యూప శబ్దములను ముందుంచుకొని వర్ణములకు వేఱుగ నర్థము గలదా లేదా యని భాష్యకారుఁడు చర్చించినదియు నిట్టి విషయమే. శాస్త్రము వలదన్న దానిని బుద్ధిపూర్వకముగఁ జేయుటయే మన యాట. అర్థవంతమగు మాటలోనుండి యా యర్థముతో సంబంధములేని తునుకను గోసి, దానికి వేఱొక యర్థముఁ గట్టుట. ఇది శాస్త్రవిరుద్ధమని మా మిత్రులొకరు కోపించిరి. విరుద్ధమే. కాని కట్టుబాటు తెలిసినవానికే దానిని దాఁటుటలోని చమత్కారము తెలియును.

ఇట్లైనచోఁ బదములో బేరు గనఁబడినంత మాత్రమున మంచి ప్రహేళిక యగునా? కానేరదు. ఆరామములో రాముఁడున్నాఁడు, విరామములో నున్నాఁడు. ఆరాధనలో రాధ, అవతారములోఁ దార యున్నారు. కాని వీరు దాఁగినవారు గారు. రమ ధాతువే ఆరామమును, విరామమును, రామునిఁ గూడఁ బుట్టించినది. రాధ ధాతువును దౄ ధాతువును నట్టివే. తన పుట్టినింట నున్నవానిని దాఁగినాఁడనుట యెట్లు? దత్తపదికి “రామ” శబ్ద మిచ్చినపుడు “ఆరామ”మని పూరించి, సభవారు చప్పట్లు చఱచుట పలుమాఱు చూచితిని. తిరుపతి వేంకటకవు లవధానమును దెలుఁగునాఁట నూరూరఁ బ్రసిద్ధికిఁ దెచ్చిన తరువాత దత్తపదికిఁ గలిగిన గౌరవము గొప్పది. ఆ గౌరవము నిలువవలయునన్నచోఁ బృచ్ఛకుఁడైన నిట్టి పూరణమును సులభమని చెప్పవలదా?

అపరాధము మాత్రము కొంత వేఱు. ధాతు వొకటియే యయ్యు, రాధకును దప్పునకును గల యర్థదూరము నవ్వుఁ బుట్టించును. ధాతుసామ్యముచే నాటలో నోడి, యర్థవైషమ్యముచే గెలుచునది యిదియొకటి.

కుశలవుల సంగతి మఱియు రమ్యమైనది. ఉత్తరకాండమున వాల్మీకి దర్భల కొనలతో నొకనిని, మొదళ్లతో నొకనిని రక్షచేయించుటవలనఁ గుశలవులను పేళ్లు గలిగెను. మనము జాబు వ్రాయునపుడు మొదట నడుగు కుశలములోఁ గుశుఁడు స్పష్టముగ నున్నాఁడు. దర్భలు చేయి తెగకుండఁ గోయనేర్చినవాఁడు కుశలుఁడని యాలంకారికులు రూఢిలక్షణకుఁ జూపు వ్యుత్పత్తిని బట్టి యా పదము దర్భనుండియే వచ్చినది, బాలుఁడును దర్భవలననే పేరు పొందెను. కావున నది జ్ఞాతిత్వము, గోపనము గాదు. తమ్ముఁడన్ననో కలవరములో నున్నాఁడు, చలవలో నున్నాఁడు. ఈ తెలుఁగుమాటలకు దర్భమొదలితో నేమి సంబంధము? ఒకే కడుపునఁ బుట్టిన కవలలలో నొకఁడు బంధువు నింటను, రెండవవాఁడు పరాయియింటను గూర్చున్నారు. ఆటకుఁ బనికివచ్చువాఁడు రెండవవాఁడే.

దీనినిబట్టి పరీక్ష యొకటి యేర్పడుచున్నది. పదము సహజముగ విఱుగుచోటఁ గాక, ఆ యతుకును దాఁటి కోఁత పడవలయును. కోసినను మాట యతుకు గనఁబడకుండవలయును. “మనలను” అను మాటను జూడుఁడు. మన యను ప్రకృతినుండి నకారమును, బహువచనమునుండి లకారమును దీసికొని నలమహారాజు నడుమ నిలిచియున్నాఁడు. దినమునకు నూఱుమాఱు లనుకొను మాటలో నింతవాఁడున్నాఁడని యెవ్వఁ డనుకొనును? “అరవిరి”లో అరకును విరికిని నడుమ రవి యున్నాఁడు. సగము విచ్చిన పూవులో సూర్యుఁడుండుట యర్థమునకుఁ గూడఁ దగియున్నది. పరమాన్నములో రమ యున్నది. ఇచ్చటి దీర్ఘము పరమ శబ్దముయొక్క తుది యకారమును, అన్న శబ్దముయొక్క మొదటి యకారమును గలిసి యేర్పడినది. అట్టి యేకాదేశమును బూర్వమునకు నంతముగను, బరమునకు నాదిగను భావింపవచ్చునని పాణిని (6-1-85) యనుగ్రహించెను గావున, దీర్ఘాంతమగు రమా శబ్దమునకు లోపము లేదు. వంటయింటి పాయసపు గిన్నెలో లక్ష్మినిఁ జూపిన యీ ప్రహేళికను గట్టినవా రెవరో కాని వారికి నా నమస్కారము.

అనల శబ్దమునఁ గల నలునిగూర్చి కొంచెము నిలువవలసియున్నది. నైషధము పదుమూఁడవ సర్గమున నలుగురు దేవతలును నలునిరూపముఁ దాల్చి స్వయంవరమునఁ గూర్చుండఁగా, సరస్వతి యగ్నినిఁ బొగడిన మాటలే నలునకును జెల్లునట్లు శ్రీహర్షుఁడు కూర్చెను. ఆ యగ్నిపేరిటనే నలుఁడున్నాఁడుగదా, ఇది దాఁగుటయా కాదా? ప్రాణనార్థకమగు అన ధాతువునుండి యనలమును సాధించినచో నకారము ధాతువునది, మిగిలినది ప్రత్యయమునది, కోఁత యతుకును దాఁటినది, మంచి ప్రహేళికయే. ఎంత తిన్నను “అలం”, అనఁగాఁ జాలు, అననిది యనలమని నఞ్‌సమాసముగఁ జెప్పినచో, నఞ్‌నకారము లోపింపఁగా మిగిలిన యకారమునకుఁ బరముగ నున్న యచ్చునకు నుడాగమము వచ్చును (6-3-74). ఆ యాగమ ముత్తరపదమునకు మొదట నంటుకొనునది గావున విఱుపు అ, నల యనియే తేలును. అప్పుడు శాస్త్రమే నలుని వేఱుచేసి మన చేతఁ బెట్టినట్లయినది, మనము కోయునది లేదు. ఒకే పేరు వ్యుత్పత్తిభేదముచే నొకచోట గూఢము, నొకచోట బ్రకాశము. ఇట్టి తావులందు తీర్పరి తొందరపడరాదు.

దీనిని సభంగశ్లేషతోఁ గలుపరాదు. పింగళి సూరన రాఘవపాండవీయమునఁ బదమును రెండువిధముల విఱిచినను రెండు విఱుపులును మొత్తముగ నర్థమిచ్చును. మన యాటలో నొక తునుకకే యర్థము, కడమ యక్షరములు తెగి నేలఁ బడును. కావుననే యిది కావ్యము గాదు. కావ్యమని యెవ్వరు నననక్కఱలేదు.

వ్యావహారికమున నీ సంపద యింకను మెండు. రావాలి, పోవాలి, కావాలి యనుచు నింటింట వాలి పలుకఁబడుచున్నాఁడు. వాలినిఁ గొట్టుటకు రాముఁడు చాటున నిలిచెను, ఇచ్చట వాలియే చాటున నిలిచెను. గ్రాంథికవాదినగు నేను “రావలయును” అని దిద్దినచో వాలి పాఱిపోవును గావున, ఈ యొక్క యాటవఱకు దిద్దక మిన్నకుంటిని.

ఇఁక నా తప్పునకు వత్తము. గళ్లనుడికట్టులో గడికొక యక్షరము వ్రాయుదుము. అచ్చట లిపియే ప్రమాణము, కుంకుమలో నుమ లేదు. కాని నోట నడిగి చెవిని విను నాటలో లిపికిఁ బెత్తన మేల? “వచ్చెను” అను క్రియకు “ఉమ” పరమగునపుడు “వచ్చెనుమ” యగును. దత్తపదిలో నుమ యను పదమిచ్చి యిట్లు పూరింపఁగా నే పృచ్ఛకుఁడును ఉకారమేదని యడుగఁడు. నకారముతోఁ గలిసిన యుకారమును సమ్మతించి, కకారముతోఁ గలిసిన యుకారమును గాదనుట యే న్యాయము? సంధి పాఠముఁ జెప్పు మనమే యిట్లన్నచో, అచ్చు హల్లుతోఁ గలిసినను నశింపదని బాలురకు నమ్మకమెట్లు గలుగును? ఆ బాలుఁడు నల్లబల్లమీఁది గుఱుతును గాక తన చెవిని నమ్మెను. మన సంధిప్రకరణమంతయు నడుగునది యా చెవినే గదా. తుషారములో ఉషయు, విందులో ఇందువును నీ మార్గముననే యున్నారు. మంచులోఁ బ్రాతఃకాలముండుట, గౌరికిఁ బ్రియమగు కుంకుమలో గౌరియే యుండుట, అతుకును గూర్చిన నా పరీక్షకు లోఁబడని యధికగుణములు. లిపిలోఁ గనఁబడనివి గావున వీనిని దెలుఁగు ప్రహేళికలలో నుత్తమములుగ నెంచుచున్నాను.

పదునొకండవదినమున నా బాలునిఁ బిలిచి, నీ జవాబు సరియైనదే, నేను చెప్పినదే తప్పని తరగతిలోనే చెప్పితిని. వాఁడు సంతసించి యూరకుండిన బాగుండెడిది. “అయితే లవంగంలో లవుడున్నాడాండీ?” అని యడిగెను. సున్న యయోగవాహము, దాని నాశ్రయించిన యచ్చునుండి వేఱుచేయుట యెట్లు? లిపిలో విడిగా నిలిచిన యా బిందువును దుడిచినచో లవుఁడు గనఁబడును, చెవి యొడఁబడదు. చెవికే పట్టముఁ గట్టినవాఁడను గావున లేఁడంటిని. వాఁ డొడఁబడలేదు. తన యక్కకుఁ జూపుటకుఁ గాబోలు, లవంగ మొకటి జేబులో వేసికొని వచ్చియున్నాఁడు, దానిని దీసి నా బల్లమీఁదఁ బెట్టి పోయెను.