చారిత్రకనవలయు గృహశాసనమును

నవలలను బిల్లల చేతి కీయవచ్చునా, ఈయవచ్చునేని యెట్టివాని నీయవలెను అను ప్రశ్న తెలుఁగునాట నవలతోడనే జన్మించినది. హైదరాబాదు నగరమునందలి నారాయణగూడ, చిక్కడపల్లి, అశోకనగరు, విద్యానగరు మున్నగు పేటలయం దీ ప్రశ్న వట్టి శాస్త్రచర్చ గాదు. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదిని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఈ నగరముననే వెలసినది. నేఁడు నారాయణగూడలో నున్న మాడపాటి హనుమంతరావుగారి బాలికా పాఠశాల 1928లో స్థాపింపఁబడినది. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున కిప్పటికిని విద్యార్థులు గుంపులుగాఁ జేరుచున్నారు. ఇట్టి తావులలోఁ గాపుర ముండు తల్లిదండ్రులకుఁ బుస్తకమును నిరాకరించుట సాధ్యము గాదు. ఏర్చి యిచ్చుట మాత్రమే సాధ్యము. ఆ యేర్పునకు సాధారణముగా గృహములలో నొక్కటే పరీక్ష గలదు. పుస్తకమున శృంగార మెంత? వర్ణన హద్దు మీఱినదా? ఈ పరీక్షలో నెగ్గిన పుస్తకము పసివారి చేతికిఁ బోవును. ఓడినది బీరువాలోఁ బై యరకు నెక్కును. చారిత్రక ప్రణయకథ, విశేషించి మతభక్తితోఁ గూడినది, ఈ పరీక్షలో ననాయాసముగా నెగ్గును. ఆ నెగ్గుటయే యిచ్చట విచారింపఁదగిన విషయము.

తెలుఁగు నవలకుఁ బ్రేరకమైన యాంగ్లకథయందే యీ పరీక్ష యెంత బలహీనమో చూపఁబడినది. గోల్డుస్మిత్తు 1766లోఁ బ్రకటించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు' ఒక క్రైస్తవ మతాచార్యుని గృహచరిత్రము. అం దేడవ ప్రకరణమున నొక చిన్న సన్నివేశము గలదు. పెద్దకూఁతురగు ఒలీవియా మతవాదములయందు నేర్పరి యని తల్లి మెచ్చుకొనఁగా, అట్టి పుస్తకములను దా నెన్నఁడు నామె చేతి కిచ్చినట్లు జ్ఞప్తి లేదే యని తండ్రి యాశ్చర్యపడును. కూఁతురు తాను జదివిన వాదములను వరుసగాఁ జెప్పును: థ్వాకము, స్క్వేరు అనువారి తగవు; రాబిన్సన్ క్రూసోకును ఫ్రైడేకును జరిగిన సంవాదము; ఇప్పుడు చదువుచున్నది 'రెలిజియస్ కోర్ట్‌షిప్'. ఇందు మొదటి యిరువురును ఫీల్డింగు 1749లో వెలువరించిన 'టామ్ జోన్సు' లోని పాత్రలు. అది యానాఁటి పెద్దలు కన్యల కంటఁ బడనీయరాదని తలంచిన నవల. కడపటిది డీఫో 1722లోఁ బ్రకటించినది. పెండ్లికి ముందు వరుని మతనిష్ఠను వధువు తెలిసికొనవలెనని సంభాషణరూపమున బోధించు గ్రంథము. తండ్రి యీ పట్టిక నంతయు విని తృప్తుఁడై, పోయి తల్లికి వంటలో సాయపడు మని కూఁతును బంపివేయును. మఱికొన్ని ప్రకరణములు గడచునప్పటికి ఆ కూఁతురు థార్న్‌హిల్లను భూస్వామితోఁ గూడి యిల్లు విడిచిపోవును.

గోల్డుస్మిత్తు నవ్వుచునే వ్రాసెను గాని, యీ నవ్వునఁ బదునున్నది. 'టామ్ జోన్సు' ఒలీవియాను జెఱుపలేదు. 'రెలిజియస్ కోర్ట్‌షిప్' ఆమెను రక్షింపలేదు. ఆ పుస్తకములనుండి యామె యేమి గ్రహించెనో యడుగక తండ్రి వంటయింటికిఁ బంపెను, లోపమంతయు నదియే. ఆ భూస్వామి పల్లెపడుచుల పాలిటి కెట్టివాఁడో సత్రపు యజమాని నోటఁ దండ్రి మొదటనే వినియున్నాఁడు. విన్న మాట నాతఁడు కూఁతున కెఱిఁగించి యుండిన నే గ్రంథమును జేయలేని మేలు జరిగి యుండెడిది.

ఈ కథ తెలుఁగునకు వచ్చుటలో నేమి మాఱినదో చూడవలెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలుత గోల్డుస్మిత్తు రచనను దెలిఁగింప నారంభించి, తృప్తి గలుగక మానివైచి, స్వతంత్రకథను గల్పించిరి. అదియే 1878లో వివేకవర్ధనియందు వెలువడి 1880లో గ్రంథరూపముఁ దాల్చిన రాజశేఖర చరిత్రము. వేక్‌ఫీల్డు ధవళేశ్వరమైనది. మాఱువేషమునఁ దిరుగు ప్రభువు పెద్దాపురపు కృష్ణజగపతి మహారాజైనాఁడు. కుటుంబము కష్టముల పాలగుటయు, మంచివారు కడపట గట్టెక్కుటయు నట్లే నిలిచినవి. కాని ఒలీవియా నిలువలేదు. రాజశేఖరుని పెద్దకూఁతురగు రుక్మిణి యెవ్వనివెంటను బోవదు. దారిలో దొంగల వలనఁ గుటుంబమునకు దూరమై, చనిపోయినదని తలంపఁబడి, పురుషవేషముతోఁ దన్నుఁ దాను గాపాడుకొనును. తప్పు చేసిన కూఁతురు తెలుఁగు కథనుండి తొలఁగిపోయినది.

పంతులుగారి కిందుకుఁ గారణము లేకపోలేదు. స్త్రీలు చదువుట యే దోషమని లోకము తలంచు దినములవి. స్త్రీలకొఱకే యాయన 1883లో సతీహితబోధినిని నడపిరి. కూఁతురు లేచిపోయిన కథ తొలి నవలయం దుండియుండినఁ జదువుకొన్న యాఁడుబిడ్డ యిట్లగునని ప్రతిపక్షులు చంకలు గొట్టుకొని యుందురు. ఇంతవఱకు నాయన జాగ్రత్తను దప్పుపట్టఁ బనిలేదు. అయినను గోల్డుస్మిత్తు నవలలోఁ గన్నీరు దెప్పించు ఘట్టమేది? లేచిపోయిన కూఁతును దండ్రి యొక సత్రములోఁ గనుఁగొని, నిందింపక యక్కునఁ జేర్చుకొని, యింటికిఁ దీసికొనివచ్చు ఘట్టము. వచ్చునప్పటికి నిల్లు మంటలలోఁ గాలుచుండును. కాలుచున్న యింటికంటెఁ దిరిగి వచ్చిన కూఁతురే యా తండ్రికి మిన్న యని పాఠకున కప్పుడు తోఁచును. తెలుఁగున ఒలీవియాకు బదులు రుక్మిణి వచ్చుటచేఁ గథ శుద్ధమైనది. తండ్రికి మాత్రము క్షమించు పని తప్పిపోయినది. బాలికను గాపాడుటకై చేసిన మార్పు పెద్దల కుపయోగపడు పాఠమును గూడఁ గొట్టివైచినది. 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున లోకనింద నెదుర్కొని మొదటి వితంతు వివాహమును జరిపించిన మహనీయుఁడు తన కల్పనయం దంత ధైర్యము చూపకపోవుట వింతగాఁ దోఁచును.

గృహమునందలి జాగ్రత్త రాజశాసనమైనప్పు డేమగునో ముద్దుపళని కావ్యము చెప్పును. తంజావూరు ప్రతాపసింహుని యాస్థానమున వెలసిన యీ విదుషి రచించిన రాధికాసాంత్వనము స్త్రీలు వినఁదగినది గాదని పంతులుగారే కవులచరిత్రమునఁ దీర్పు చెప్పిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో దానిని సమగ్రముగాఁ బరిష్కరించి ప్రకటింపఁగా 1911లోఁ బ్రభుత్వమువారు నిషేధించిరి. 1947లోఁ గాని నిషేధము తొలఁగలేదు. ముప్పదియాఱేండ్లు తెలుఁగువారి కావ్యమొకటి చాటుగా నుండవలసి వచ్చెను. అంత కాలమును బురుషకవుల ప్రబంధములలోని యట్టి వర్ణనములు పండితుల గోష్ఠులలో నిరాటంకముగాఁ జదువఁబడుచునే యున్నవి. శృంగారమును గొలుచు కొలబద్ద చేయి మాఱినప్పుడెల్ల నిడివి మాఱుచుండును.

ఇంత కఠినమైన కొలబద్ద పట్టుకొన్నవారు చారిత్రకనవలను మాత్రము నిశ్శంకముగాఁ బోనిచ్చిరి. అందు నాయిక పతివ్రత, నాయకుఁడు శూరుఁడు, ప్రణయము చూపులతోను లేఖలతోను దీఱును. ఇఁక భయమేల? భయము వేఱొక చోట నున్నది. మామూలు నవల తాను గల్పన నని యొప్పుకొనును. చారిత్రకనవల చరిత్రయొక్క ముద్ర వేసికొని వచ్చును. పదుమూఁడేండ్ల బాలుఁడు నాయికానాయకుల మాటలను మఱచిపోవచ్చును. ప్రతినాయకుఁ డే మతమువాఁడో, ఏ జాతివాఁడో మఱవఁడు. ఈ శతాబ్దికి వెనుకటి శతాబ్దమున వెలువడిన మన చారిత్రకనవలలలోఁ బెక్కింట నా ప్రతినాయకుఁడు మహమ్మదీయుఁడు. విజయనగర కథలలో నిది మఱింత స్ఫుటము. రాబర్టు స్యూయలు 1900లో వెలువరించిన గ్రంథము విజయనగరమును హిందూమతమునకుఁ గట్టిన కోటగాఁ జిత్రించెను. కథకులకు నది నిక్షేపమువలె దొరకినది.

గోలకొండకు నీడపట్టున నున్న హైదరాబాదు బాలున కీ చిత్ర మొక్కటియే చాలదు. ఇబ్రహీం కుతుబ్‌షా తన యన్నకు వెఱచి విజయనగరమున నేడేండ్లు తలదాఁచుకొనెను. 1550లో గోలకొండ సింహాసన మెక్కెను. తనకుఁ జోటిచ్చిన రామరాయలమీఁదనే 1565లో దక్కను సుల్తానులతోఁ గలసి యుద్ధము చేసెను. ఆతనికే యద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానము నంకితము చేసెను. తెలుఁగువారు మల్కిభరాముఁ డని యాతని పేరును దమ నాలుకకు దిద్దుకొనిరి. ఆతని కొలువులోని యమీనుఖానునకుఁ బొన్నికంటి తెలగనార్యుని యచ్చతెలుఁగు యయాతిచరిత్ర యంకితమైనది. కృతఘ్నుఁడా, రసజ్ఞుఁడా, రాజనీతిజ్ఞుఁడా? ఇబ్రహీము మూఁడును గావచ్చును. ప్రౌఢదేవరాయలు తన సేనలో మహమ్మదీయ ధానుష్కులను జేర్చుకొని, వారి ప్రార్థనకు మసీదు కట్టించి, తన సింహాసనము ముందు ఖురాను నుంచెనని ఫెరిష్తా వ్రాసెను. 1520 నాఁటి రాయచూరు యుద్ధమునఁ గృష్ణరాయల పక్షమునఁ దుపాకులతో నిలిచిన క్రిస్తోవావ్ ద ఫిగైరెదో పోర్చుగీసు క్రైస్తవుఁడు. ఈ సంగతిని దెలిపిన న్యూనిజును బోర్చుగీసువాఁడే. పిల్లల నవల యిన్ని చిక్కుముడుల నోర్వలేదు. కాన విప్పదు, కత్తిరించును.

క్రైస్తవ గృహములకును నీ చిక్కు తప్పదు. ఆంగ్లేయ మతాచార్యుఁడు కింగ్‌స్లీ 1853లో 'హైపేషియా'ను బ్రకటించెను. అందు 415వ యేఁట నలెగ్జాండ్రియా నగరమున నొక విదుషిని దుండగులైన క్రైస్తవులు చంపిన దారుణము ప్రధానము. మఱుసటి యేఁడే కాథలిక్కు మతాధ్యక్షుఁడు కార్డినలు వైజ్‌మను 'ఫబియోలా' వెలువరించెను. అం దదే ప్రాచీన క్రైస్తవ సంఘము రోములోని భూగర్భ సమాధులలో రక్తసాక్షులకుఁ దల్లియై ప్రకాశించును. రెండును జారిత్రకములే, రెండింటను భక్తి గలదు. ఒక్క దానినే చదివిన బాలిక కా సంఘము పీడకుల గుంపుగానో, పీడితుల గుంపుగానో మాత్రమే తోఁచును. తరువాతి కాలమున నమెరికాయందు మతభక్తితోఁ గూడిన ప్రణయనవలలు వేలకొలఁదిగాఁ బెరిఁగినవి. 1979లో వెలువడిన జానెట్టు ఓకు రచన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' వానికి దారి తీసినది. వీనిని దల్లులు కూఁతుండ్ర కిచ్చుటకు ముఖ్యకారణ మశ్లీలము లేకుండుటయే. లేకుండుట గుణమే, కాని లేనిదానిని బట్టి యున్నదానిని నిర్ణయింపరాదు.

ఇందుకు విపరీతముగా, మన గృహములలోఁ బైయరకు నెక్కింపఁబడు నవలకు విశ్వనాథ సత్యనారాయణగారి 'ఏకవీర' తగిన యుదాహరణము. నాయకరాజుల మధుర యందలి కథాస్థలము. మిత్రులిరువురు, ఒకఁడు వలచిన కన్యను వేఱొకఁడు పెండ్లాడును. కుట్టాను సేతుపతి మనస్సు మీనాక్షియందు, వీరభూపతి మనస్సు ఏకవీరయందు. వివాహములు మాత్రము తాఱుమాఱు. 1606లో మధురకు వచ్చి సన్న్యాసివేషము దాల్చి, సంస్కృతమును దమిళమును దెలుఁగును నేర్చిన రాబర్టు డి నొబిలీ ప్రసక్తియు నందుఁ గలదు. పరసతీకామము గలదు కావునఁ బిల్లలకుఁ దగదందురు. కాని మనస్సు నీతికి లోఁబడుట కెంత నలుగునో యీ నవల చూపినంత తీక్ష్ణముగా నచ్చపు నీతికథ లెన్ని చూపఁగలవు? పదునెనిమిదేండ్ల యువతి వివాహమునకు ముందు చదువవలసిన నవల యిదియే. పదేండ్ల బాలిక కిది యక్కఱ లేదు; అది వయస్సు మాట, నవల దోషము గాదు.

వయస్సును బట్టి కొంత మఱుఁగు ఉండవలసినదే. కన్నులు పెఱికించుటలు, సామూహిక వధలు పసివారి కేల? విచిత్ర మేమనఁగా, చుంబనమును వర్ణించిన పుటను జింపు తండ్రులే పట్టణమును దగులఁబెట్టిన పుటను బిగ్గఱఁగాఁ జదివి వినిపింతురు. వయస్సు వచ్చిన కొలఁది మఱుఁగు తగ్గి ప్రశ్న పెరుగవలెను: ఈ దుష్టుఁడు నిజముగా నుండెనా? ఆతని వైపువా రేమి వ్రాసిరి? కథకున కీ సంగతి యెట్లు తెలిసినది? ఒలీవియా తండ్రి యడుగనివి యిట్టి ప్రశ్నలే.

ఈ పనికి సాధనములు హైదరాబాదునకుఁ గ్రొత్త గావు. కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో నీ నగరముననే విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. 1908లో నది చెన్నపురికిఁ దరలినది. ఆ మండలి నవలలకుఁ బందెములు పెట్టి 'రాయచూరు యుద్ధము' వంటి కథలను బ్రకటించెను. చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము'ను గూడ నదియే 1910లో వెలువరింప మొదలిడెను. ఒకే చందాదారుని యింటికి నవలయుఁ జరిత్రయు నొకే మండలినుండి చేరుచుండెను. నేఁడు గ్రంథాలయములలో నవ లొక గదిలోను జరిత్ర యింకొక గదిలోను నుండుటచే బాలుఁడు మొదటి గదినుండియే యింటికి మరలుచున్నాఁడు. తోడు వచ్చిన తండ్రి రెండవ గదికిఁ గూడ నడచి, న్యూనిజు వ్రాసిన రాయచూరు వృత్తాంతమును దెచ్చి, యా రాత్రి రెండింటిని నొకచోఁ బెట్టుకొని కుమారునితోఁ గూర్చుండుటకుఁ బట్టునది యొక్క గంట.