అమాయకత్వం చాటున మరుగుపడే దిగులు: డౌన్ సిండ్రోమ్ పిల్లల పెంపకం – ఉద్దానం దృష్టి

బుద్ధిమాంద్యం ఉన్న వ్యక్తిని తెలుగు సమాజం తరచుగా 'అమాయకుడు'గానే చూస్తుంది. కె. విశ్వనాథ్ 'స్వాతిముత్యం' (1986) చిత్రంలోని శివయ్య పాత్ర ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ప్రేక్షకుల ఆదరణ పొందిన ఆ పాత్ర దుఃఖం సైతం అమాయకత్వానికి నిదర్శనంగానే మనల్ని చేరుతుంది. ఈ దృష్టికి ఒక పరిమితి ఉంది.

డౌన్ సిండ్రోమ్ 21వ క్రోమోజోమ్ అదనంగా ఉండటం వల్ల కలిగే పుట్టు స్థితి. కుంగుబాటు, ఆందోళన దానికి తోడుగా రాగల వేరే రుగ్మతలు. మాట తగ్గినా, నిద్ర చెడినా, నేర్చిన పనులు మానేసినా 'ఈ గుంటడి తీరే అంత' అని సరిపెట్టుకుంటే, చికిత్సకు వీలున్న బాధ గుర్తింపునకే నోచుకోదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మేధోవైకల్యాన్ని, మానసిక రుగ్మతను వేర్వేరుగానే పేర్కొంది.

పలాస, టెక్కలి, ఉద్దానం తీర గ్రామాల జీవితాన్ని చూస్తే ఈ భేదం ఎంత అవసరమో తెలుస్తుంది. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఇక్కడ ఎన్నో ఇళ్లను కుంగదీసింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చింది. వలసలు సరేసరి. నిలకడైన దినచర్యపై ఆధారపడే బిడ్డకు తండ్రి వలస, ఇంట్లో రోగం, కనుమరుగైన తోట మాటల్లో చెప్పుకోలేని నష్టాలు. ఆ మార్పును మొదట గమనించేది చాలా ఇళ్లలో తల్లే. ఆమె మాటను 'తల్లి బెంగ'గా కొట్టిపారేయరాదు.

ఉత్తరాంధ్ర కథను భూమి, వలస, వ్యాధి కోణాల్లో చదివే విమర్శ ఈ తల్లి సాక్ష్యాన్నీ పరిశీలనలోకి తీసుకోవాలి. వైకల్య పాత్ర ఎంత జాలి పుట్టించిందన్నది కాక, దానికి స్వంత మనోలోకం ఉందా అన్నది మన ప్రమాణం కావాలి.