సాగరసంగమము: విప్రలంభ విచారము

కె. విశ్వనాథ్ దర్శకత్వమున 1983లో వెలువడిన ‘సాగరసంగమం’ ఒక నర్తకుని వైఫల్యగాథ యని పలువురి యభిప్రాయము. తొలి యౌవనము గడచిన పిమ్మట మరల కలిసికొన్న యిరువురి శృంగారకథ యని మా తలంపు. అయితే ఆ శృంగార మెట్టిది?

భరతుడు కరుణమును నిరపేక్షముగను, విప్రలంభమును సాపేక్షముగను నిరూపించెను. పునస్సమాగమమున ఆశ యున్నచో విప్రలంభము. అది తెగినచో కరుణము. వాన ఘట్ట మీ గీటురాయికి సులభముగ లొంగదు. బాలకృష్ణ త్రాగిన మైకమున నూతి గట్టుపై నర్తించుచున్నాడు. వారింప వచ్చిన మాధవి నుదుట కుంకుమ యున్నది. ఆమె భర్తను గోల్పోయినదని ప్రేక్షకునకు దెలియును, అతనికి దెలియదు. వానకు బొట్టు కరగునని యతడు తన యరచేతి నడ్డము పెట్టును. అతడు కాపాడునది పరుని మాంగల్యచిహ్నము గావున నతనియం దాశకు చోటు లేదు. ఆమెకో, అది తెలిసి ధరించిన యసత్యము. అడ్డంకి తొలగినదని యా యిరువురిలో నామె యొక్కతెయే యెఱుగును. ఒకే బొట్టు నాశ్రయించి అతనియందు కరుణము, ఆమెయందు విప్రలంభము. దీనిని రెంటిలో నొకదాని పేరిట కట్టివేయుట మాకు సమ్మతము గాదు.

విశ్వనాథ్ రేపల్లె ప్రాంతపు పెదపులివర్రువారు. గీతకర్త వేటూరి మోపిదేవి చేరువ పెదకళ్ళేపల్లివారు. కూచిపూడి యచటికి దవ్వు గాదు. భామాకలాపమున సత్యభామ విరహమును విని లేఖ గొనిపోవు సఖి పేరును మాధవియే. నామసామ్యము యాదృచ్ఛికమే కావచ్చును. కాని చిత్రమందలి మాధవియు తొలుత రాయబారియే. నర్తకునికిని లోకమునకును నడుమ నిలిచి యతనికి వేదిక సమకూర్చబూనినది. కలాపమున సఖికి తనదైన విరహము లేదు. ఇచట రాయబారియే నాయిక యయ్యెను.

వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) వయస్సు మీరిన పిదపను సత్యభామగ మెప్పించిరి. ఇచట 28 ఏండ్ల కమల్ హాసన్ ముదిమిని ధరించెను. నెరసిన జుట్టుకంటె తడబడు నడుగే ఆ వయస్సును నమ్మించినది.

లోప మొకటి చెప్పక తప్పదు. మాధవి కూతురు శైలజ నృత్యమును పత్రికలో నిర్మొగమాటముగ విమర్శించినవాడు బాలకృష్ణ. ఆమెకు పిదప గురువైనవాడు నతడే. అతని కళను మొదట గుర్తించిన మాధవి రసజ్ఞతకు మాత్రము ఉత్తరార్ధమున పని తగ్గినది. ఆమె కన్నీరు మనకు గనబడును. కూతురి యాటపై ఆమె తీర్పు వినబడదు.